టీవీ పెడితే పిలకాయలకు చదువు మీద ఇష్టం పుడుతుందా? (కాబోయే టీచర్‌గా నా అభిప్రాయం, మీరేమంటారు?)

పెన్నాఒడ్డు (డీఎల్ఎడ్ రెండో ఏడాది, నెల్లూరు)

అందరికీ నమస్కారం. నేను ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఇందుకూరుపేట వైపు ఒక చిన్న ప్రాథమిక బడి. రెండు, మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, మొత్తం 19 మంది. గోడకు స్మార్ట్ టీవీ ఉంది. మన రాష్ట్రంలో ఆరో తరగతి నుంచి పైవాళ్ళకు టచ్ ప్యానెళ్ళు, కింది బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు కదా, అది.

మా పాఠ్యపథకంలో మొదటి మెట్టు ఉన్ముఖీకరణ. పిల్లల మనసును పాఠం వైపు తిప్పడం అన్నమాట. మొదటి పది రోజులూ ఆ గడిలో నేను రాసింది ఒకటే మాట: "వీడియో చూపించుట". అంతకంటే తేలిక ఏముంది? రిమోట్ నొక్కగానే 19 తలలూ ఒకేసారి పైకి లేస్తాయి. ఆ నిశ్శబ్దం చూసి పాఠం బాగా జరుగుతోందనుకున్నాను.

పదకొండో రోజు కరెంటు పోయింది. సరే, నిన్న చూసిన దాంట్లో ఏముందో చెప్పండి అన్నాను. ఏనుగు డాన్స్ చేసింది, గొడుగు ఎగిరిపోయింది, నక్క బురదలో పడింది. అన్నీ చెప్పారు. ఆ వీడియో పెట్టింది ద్విత్వాక్షరాల కోసం. ఒక్కరు కూడా ఒత్తు మాట ఎత్తలేదు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు చూసింది ఏనుగునే.

ఇంకొకటి చెప్తాను. మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఒత్తు కనిపిస్తే దాటేస్తాడు. "చెట్టు మీద పిట్ట" అని ఉంటే "చెటు మీద పిట" అని చదువుతాడు. నేను దిద్దితే తల వంచుకుంటాడు, మళ్ళీ అదే చదువుతాడు. ఒకరోజు ఇంటర్వెల్‌లో ఊరికే నా ఫోన్‌లో వాడి చదువు రికార్డు చేసి వినిపించాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఇది నా గొంతేనా టీచర్?" అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి వింటూ పుస్తకంలో వేలు పెట్టి, నేను నోరు తెరవకముందే "పిట కాదు, పిట్ట" అన్నాడు. ఇంకోసారి చదువుతానన్నాడు. అలా నాలుగుసార్లు చదివాడు. గంట కొట్టినా కదల్లేదు. మర్నాడు ప్రార్థన కాకముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడికి స్టార్ ఇవ్వలేదు, చాక్లెట్ ఇవ్వలేదు, చప్పట్లు కూడా కొట్టించలేదు.

అందుకే నాకు అనిపించేది ఇది. ఒకటి నుంచి ఐదు వరకు టెక్నాలజీ పిల్లలకు ఏదో చూపించడానికి కాదు, వాళ్ళు చేసిందాన్ని వాళ్ళకే తిరిగి చూపించడానికి వాడాలి. చూపించేది ఎర. ఎర ఉన్నంతసేపే చేప ఉంటుంది. పాయింట్లు, కాయిన్లు, స్టార్లు ఇచ్చే యాప్‌లు కూడా ఈ వయసుకు వద్దనే అంటాను. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత వాళ్ళంతట వాళ్ళు గీయడం తగ్గించేశారు. మా గదిలోనూ ఒక పాప ఇప్పుడు పుస్తకం తెరవకముందే "ఎన్ని స్టార్లు ఇస్తారు టీచర్?" అంటోంది. ఆ స్టార్ల చార్టు గోడకు అతికించింది నేనే.

సర్వీసులో ఉన్నవాళ్ళు, తల్లిదండ్రులు, ఎవరైనా సరే, నేను తప్పయితే తప్పని చెప్పండి.

---

ఒంటిచెట్టు (ఎస్‌జీటీ, ఉదయగిరి వైపు, 14 ఏళ్ల సర్వీసు)

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆ పిల్లవాడి సంగతి బాగుంది. కానీ నువ్వు ఒక విషయం గమనించలేదు. ఆ గదిలో నువ్వూ ఉన్నావు, రెగ్యులర్ టీచరూ ఉన్నారు. నా బడిలో నేనొక్కడినే.

ఒకటి నుంచి ఐదు వరకు 22 మంది. పొద్దున 9 గంటలకు ఒకటో తరగతి వాళ్ళ చెయ్యి పట్టుకుని అ, ఆ దిద్దిస్తుంటే నాలుగో తరగతి వాళ్ళు లెక్క చేసేసి "సార్ అయిపోయింది" అంటారు. ఐదో తరగతి వాళ్ళకు ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టాలి. రెండో తరగతిలో ఇద్దరు కొట్టుకుంటుంటారు. మధ్యలో గుడ్లు వచ్చాయా, లెక్క సరిపోయిందా, ఫోటో అప్‌లోడ్ అయిందా. అప్పుడు నేను మూడు, నాలుగు, ఐదు తరగతులను టీవీ ముందు కూర్చోబెట్టి పరిసరాల విజ్ఞానం వీడియో పెడతాను. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు వస్తాయి. దాన్ని ఎర అంటే నాకు బాధగా ఉంది. 1987లో బడుల కోసం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం వచ్చినప్పుడే ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు అన్నారు. నా బడికి రెండో టీచర్ రాలేదు, టీవీ వచ్చింది. ఉన్నదాంతో బండి లాగుతున్నాను.

మా ఊరికి నెట్ సరిగ్గా రాదు. ఆదివారం ఉదయగిరి వెళ్ళినప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వస్తాను. సముద్రం చూడని పిల్లలు మావాళ్ళు. ఇదే జిల్లాలో ఉన్న మైపాడు సముద్రాన్ని టీవీలోనే చూశారు. అలలు ఆగవా సార్, రాత్రిపూట కూడా వస్తాయా అని అడిగారు. ఆ ప్రశ్న టీవీ పుట్టించింది, నేను కాదు. దీన్ని ఏ గడిలో రాస్తావో చెప్పు.

నువ్వు ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు రికార్డింగ్ అంటే, మిగతా 21 మందిని ఎవరు చూస్తారు?

---

చెరువుకట్ట (తల్లి, అల్లూరు)

నేను టీచర్‌ని కాదు. రొయ్యల కంపెనీలో పని. ఏడో తరగతి దాకా చదివాను. మా పాప నాలుగో తరగతి. పుస్తకంలో ఆ నల్లగళ్ళ బొమ్మ ఉంటుంది కదా, క్యూఆర్ కోడ్, ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే పాఠం వస్తుంది. నేను చెప్పలేనిది ఫోన్ చెప్తోందని మొదట్లో సంతోషపడ్డాను. ఇప్పుడు పాఠం రెండు నిమిషాలు చూస్తుంది, తర్వాత వేలు పైకి తోస్తే రీల్స్. నేను షిఫ్ట్ నుంచి వచ్చేసరికి ఫోన్ చార్జింగ్ ఉండదు. లాక్కుంటే అన్నం తినదు.

బడిలో టీవీ, ఇంట్లో ఫోన్. ఇక పిల్లకు పుస్తకం ఎక్కడుంది అని నా టెన్షన్. పెన్నాఒడ్డు టీచర్ చెప్పిందాంట్లో నాకు నచ్చింది ఒక్కటే, ఆ అబ్బాయి ఫోన్ చెవిన పెట్టుకుని పుస్తకంలో చూశాడని.

---

నల్లరాయి (ప్రైవేటు స్కూల్ టీచర్, చీమకుర్తి)

నేను పాయింట్ల పక్షమే. మొహమాటం లేకుండా చెప్తాను.

మా స్కూల్లో గ్రానైట్ క్వారీల్లో పనికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. రెండో తరగతిలో ఒక అమ్మాయి జూన్ నుంచి ఆగస్టు దాకా నోరు విప్పలేదు. ట్యాబ్‌లో పదాల ఆట పెట్టాను. బొమ్మకు సరైన పదం నొక్కితే ఒక కాయిన్ పడి టింగుమంటుంది. ఆ చప్పుడు కోసమే నొక్కింది, నిజం. వందసార్లు నొక్కాక పదాలు నోటికి వచ్చేశాయి. దసరా సెలవులయ్యాక "టీచర్, నీళ్ళు" అని నాతో తెలుగులో మొదటిమాట అంది. ఆ కాయిన్‌ను నేను ఎలా తీసిపారేయను?

మీరు చెప్పిన 1973 ప్రయోగంలో ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. వాళ్ళు ఎంచుకున్నది అప్పటికే బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్ని. ఇష్టం ఉన్నచోట బహుమతి పెడితే ఇష్టం తగ్గిందని తేలింది. అసలు ఇష్టమే లేని పిల్లల గురించి అది చెప్పలేదు. ఇంకోటి, ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే ఆశ చూపించి చేయించడం వేరు, చేశాక మెచ్చుకోవడం వేరు. డీఎస్సీకి చదివేటప్పుడు మనం "బాహ్య ప్రేరణ చెడ్డది, అంతర్గత ప్రేరణ మంచిది" అని బట్టీ పడతాం. తరగతి గదిలో బయటి ప్రేరణ పట్టుకునే లోపలికి వెళ్ళాల్సిన పిల్లలు ఉంటారు.

---

పెన్నాఒడ్డు

నల్లరాయి మేడం, మీరు చెప్పింది నిజం. ఆ సంగతి నేను చదివి కూడా నాకు కావాల్సిందే రాశాను. మాట సరిచేసుకుంటాను. ఒత్తులు చదవని మా అబ్బాయి లాంటివాళ్ళకు, నోరు విప్పని మీ అమ్మాయికి మొదటి అడుగు వేయించడానికి కాయిన్ పనికొస్తుంది. అయితే అది ఎప్పుడు ఆపాలో యాప్‌కు తెలియదు, టీచర్‌కు తెలియాలి. మీరు ఆ అమ్మాయికి కాయిన్ల ఆట ఎప్పుడు ఆపారో చెప్తారా?

ఒంటిచెట్టు సార్, మీకు నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తున్నాను.

---

నల్లరాయి

ఆపలేదు. ఇంకా ఆడుతోంది. మీరు అడిగాకే ఆలోచనలో పడ్డాను.

---

పలకమాస్టారు (రిటైర్డ్ హెచ్ఎం, మార్కాపురం)

అమ్మా, మా ఊరు పలకల ఊరు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇక్కడ ఏ వీధిలో చూసినా రాయి చీల్చే చప్పుడే. మార్కాపురం పలక దేశమంతా పోయేది, పరదేశానికీ పోయేది. ఆ పలక కూడా టెక్నాలజీయే. దాని గుణం ఏమిటో ఈ చర్చలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

పలక మరిచిపోతుంది.

పిల్లవాడు "క" వంకరగా రాస్తాడు. అరచేత్తో ఒక్క తుడుపు తుడుస్తాడు. పోయింది. వాడి తప్పుకు సాక్ష్యం లేదు. మళ్ళీ రాస్తాడు. నలభైసార్లు తప్పు రాసినా నలభై ఒకటోసారి పలక కొత్తదే. అందుకే పిల్లలు పలక మీద భయం లేకుండా రాసేవాళ్ళు. నోటుపుస్తకం ఇచ్చిన రోజు నుంచీ చెయ్యి వణికేది, ఎందుకంటే అందులో ఎర్రసిరా గుర్తు అలాగే ఉండిపోతుంది. నేను 35 ఏళ్లలో చూసింది ఇది. చిన్నపిల్లల ఉత్సాహాన్ని చంపేది కష్టం కాదు, సిగ్గు. కష్టమైన పనిని వాళ్ళు ఇష్టంగానే చేస్తారు, ఇసుకలో గుంత తవ్వమను, సాయంత్రం దాకా తవ్వుతారు.

ఇప్పుడు వచ్చే యంత్రాలన్నీ గుర్తుపెట్టుకునేవే. ఎవరు ఎన్ని తప్పులు చేశారు, ఎంతసేపట్లో చేశారు, ఎవరు ఎన్నో ర్యాంకు. అది టీచర్‌కు పనికొస్తుందేమో. పిల్లవాడి కళ్ళముందు పెడితే మాత్రం అది ఎర్రసిరాయే.

నిన్ను ఒక మాట అడుగుతాను తల్లీ, కోపగించుకోవద్దు. ఆ అబ్బాయి నాలుగుసార్లు చదివాడన్నావు. ఆ రికార్డింగులు ఇప్పుడు ఎక్కడున్నాయి?

---

పెన్నాఒడ్డు

నా ఫోన్‌లోనే ఉన్నాయి మాస్టారూ. ఇప్పుడే లెక్కపెట్టాను. ఆ అబ్బాయివి, మిగతా పిల్లలవి కలిపి 34. ప్రాజెక్టు రికార్డులో పెడదామని ఉంచాను. వాళ్ళను గానీ, వాళ్ళ అమ్మానాన్నలను గానీ అడగలేదు.

---

గిత్త (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఊరు ఒంగోలు, ప్రస్తుతం హైదరాబాద్)

మాస్టారికి నమస్కారం. మీ పలక మాట నాకు చాలా నచ్చింది, అయినా ఒక చోట విభేదిస్తాను.

మరిచిపోయే పలక ఎవరికి మంచిది? రోజూ బడికొచ్చే పిల్లవాడికి. మీ మార్కాపురం, కనిగిరి వైపు నుంచి సంక్రాంతి దాటితే ఎన్ని కుటుంబాలు మిరపకాయల కోతలకు గుంటూరు వైపు పోతాయో మీకు తెలుసు. పిల్లలు వెంట పోతారు. రెండు నెలల తర్వాత వచ్చి తరగతిలో కూర్చుంటారు. పాఠం ఎక్కడికో పోయుంటుంది. వాడు ఎక్కడ ఆగాడో ఎవరికి గుర్తుంది? టీచర్ మారిపోయి ఉండొచ్చు కూడా. అక్కడ గుర్తుపెట్టుకునే యంత్రం కావాలి.

దీనికి ఆధారం లేకుండా మాట్లాడటం లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో సాయంత్రం కేంద్రాలు నడిపారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు కలిసి దాని మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు బాగా ముందుకు వచ్చారు. కారణం బొమ్మలు కాదు, రంగులు కాదు. ఆ పిల్లలు కూర్చున్న తరగతి ఒకటి, వాళ్ళకు వచ్చిన చదువు దానికి ఎంతో కింద. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరినీ వాళ్ళు ఉన్న మెట్టు దగ్గరే పట్టుకుని అక్కడి నుంచి ఎక్కించింది. అర్థమవుతుంటే ఎవరికైనా ఇష్టం పుడుతుంది. అర్థం కానిచోట రోజూ ఆరు గంటలు కూర్చోవడం ఎంత శిక్షో మనం పెద్దవాళ్ళం ఊహించలేం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నేనే చెప్తాను. పెరూ దేశంలో పల్లె ప్రాథమిక బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదు. పెట్టె ఇచ్చారు, పెట్టెతో ఏం చెయ్యాలో చూడలేదు.

మన ఒంగోలులోనే 2019 నవంబర్ 14న సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టారు. ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. తర్వాత చాలా బడులకు గోడలు, బెంచీలు, మరుగుదొడ్లు, ఆపైన టీవీలు వచ్చాయి. అవన్నీ కావాల్సినవే. అవి వచ్చాక చేయాల్సిన పని గురించే ఇప్పుడు మన గొడవంతా.

---

పెన్నాఒడ్డు

గిత్త అన్నా, ఢిల్లీ అధ్యయనంలోని పిల్లలు ఆరు నుంచి తొమ్మిది తరగతుల వాళ్ళు కదా. కీబోర్డు, మౌసు పట్టుకుని అరగంట ఒక్కచోట కూర్చోగలరు. మా రెండో తరగతి వాళ్ళను అలా కూర్చోబెట్టగలమా? పైగా ఆ కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ ఒక్కటే లేదు, చిన్న గుంపులకు పాఠం చెప్పే మనిషి కూడా ఉన్నారు. ఆ ఫలితంలో సగం ఆ మనిషిదే అని నేను అనను గానీ, మనిషిని తీసేసి చూడలేం కదా.

---

గిత్త

ఒప్పుకుంటున్నాను. చిన్న తరగతులకు అదే ఫలితం వస్తుందని నేను చెప్పలేను. మెట్టు దగ్గర పట్టుకోవాలన్న మాట మాత్రం ఏ తరగతికైనా వదలను.

---

చేయూత (ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్, పొదిలి వైపు)

మీరంతా రెండు చేతులూ, రెండు కళ్ళూ, రెండు చెవులూ సరిగ్గా పనిచేసే పిల్లల గురించే మాట్లాడుతున్నారు. నేను ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో పనిచేస్తాను.

మా దగ్గర సెరిబ్రల్ పాల్సీ ఉన్న తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. బలపం వేళ్ళ మధ్య నిలవదు. మాస్టారూ, మీరు చెప్పిన పలక గొప్పదే, కానీ తుడవడానికి ఆ బిడ్డకు చెయ్యి లేవదు. ట్యాబ్ మీద పెద్ద పెద్ద గళ్ళు పెట్టి, మణికట్టుతో తాకితే అక్షరం పలికేలా చేశాం. మొదటిరోజు "అ" మీద మణికట్టు ఆన్చాడు. అది "అ" అంది. వాడు నవ్వాడు. ఆ తర్వాత "మ్మ" కోసం పావుగంట వెతికాడు. మేము చూపించలేదు. చెమటలు పట్టాయి వాడికి. దొరికింది. వాళ్ళమ్మ పక్కనే ఉంది. కొడుకు తనను పిలిచిన మొదటి పిలుపు ఆ ట్యాబ్ గొంతులో వింది.

ఎర, కాయిన్, ర్యాంకు, ఇవన్నీ ఆ బిడ్డ దగ్గర అర్థం లేని మాటలు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా స్క్రీన్ వద్దు అని ఎవరైనా రూల్ పెడితే ముందు దెబ్బ తినేది మావాళ్ళే. రూల్ రాసేటప్పుడు మమ్మల్ని కూడా గదిలో కూర్చోబెట్టండి.

---

పెన్నాఒడ్డు

మేడం, నా మొదటి పోస్టులో "ఒకటి నుంచి ఐదు వరకు" అని అందరినీ కలిపేసి రాశాను. మా 19 మందిలో ఒక పాపకు కుడి చెవి వినపడదు. ఆమె ఎప్పుడూ టీవీకి ఎడమ పక్కన కూర్చుంటుందని నేను గమనించింది మీ పోస్టు చదివాకే. రేపు ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ముందు చూస్తాను.

---

చెరువుకట్ట

కాబోయే టీచర్‌కు ఒక మాట. మా పాప చదువుతుంటే నాకు కూడా వినాలని ఉంటుంది. నేను వచ్చేసరికి నిద్రపోతుంది. ఆ గొంతు ఫోన్‌లో ఉంటే పనికి పోయేటప్పుడు ఆటోలో వింటాను. ఇది అడగొచ్చో లేదో తెలియదు.

---

ఒంటిచెట్టు

పది రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. పెన్నాఒడ్డు చెల్లి నాకు జవాబు లేదంది. నేనే వెతుక్కున్నాను, ఏమైందో ఉన్నదున్నట్టు చెప్తాను.

మా బడిలో ఐదో తరగతి పిల్లలు నలుగురు. ఒక్కొక్కరికి ఇద్దరు చిన్నపిల్లల్ని అప్పగించాను. నా పాత ఫోన్ ఒకటి సిమ్ తీసేసి వాళ్ళకిచ్చాను. నెట్ లేదు కాబట్టి రీల్స్ భయం లేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక పావుగంట, వేపచెట్టు కింద. పెద్దవాళ్ళు రికార్డు చేస్తారు, చిన్నవాళ్ళు చదువుతారు, ఇద్దరూ కలిసి వింటారు. మొదటి మూడు రోజులు ఫోన్‌లో పాటలు పాడుకున్నారు, కుక్కలా అరిచారు. పాడుకోనిచ్చాను. నాలుగో రోజు నుంచి పుస్తకం తీశారు. నేను అనుకోనిది ఏమిటంటే, ఎక్కువ మారింది వినిపించే పెద్దపిల్లలు. ఐదో తరగతిలో ఒక అమ్మాయి తనే తడుముకుంటూ చదివేది. చిన్నదానికి తప్పు చెప్పాలంటే ముందు తనకు రావాలి కదా, ఇంటి దగ్గర చదువుకుని వస్తోంది. ఎవరూ చెప్పలేదు.

ఇక చెడ్డ సంగతి. రెండో తరగతి పాప ఒకతెకు నత్తి ఉంది. ఆమె చదివింది ఒకడు మళ్ళీ మళ్ళీ పెట్టి అందరికీ వినిపించాడు. పిల్లలు నవ్వారు. ఆమె రెండు రోజులు బడికి రాలేదు. నేను ఇంటికి వెళ్ళి తీసుకొచ్చాను. తప్పు ఆ పిల్లవాడిది కాదు, వాడి చేతికి ఆ వస్తువు ఇచ్చి పక్కకు తిరిగిన నాది. ఆ సాయంత్రమే పలకమాస్టారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది, రికార్డింగులు ఎక్కడున్నాయని.

టీవీ ఇరవై నిమిషాలు మాత్రం అలాగే నడుస్తోంది. అది ఆపను. కాకపోతే ఇప్పుడు వీడియో మధ్యలో రెండుసార్లు పాజ్ చేసి, "తర్వాత ఏమవుతుంది?" అని నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయమంటున్నాను. పాజ్ చేసే డ్యూటీ ఐదో తరగతి వాళ్ళది.

---

పలకమాస్టారు

నాయనా, ఆ పాప మళ్ళీ చదువుతోందా?

---

ఒంటిచెట్టు

ఫోన్‌లో వద్దంటోంది మాస్టారూ. నా దగ్గరకొచ్చి చెవిలో చదువుతోంది. రోజూ రెండు వాక్యాలు.

---

పెన్నాఒడ్డు

సార్, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ పాప మా గదిలో ఉన్నా అదే జరిగేది, ఎందుకంటే నేను కూడా ఒకరిది అందరికీ వినిపించాను, బాగా చదివినవాళ్ళవే కదా అని. మొదటిరోజు వెనకబడిన పిల్లవాడు ఆ వరసలో తనను ఎక్కడ చూసుకుంటాడో ఆలోచించలేదు.

ఈ మధ్య చేసింది చెప్తాను. ఆ 34 రికార్డింగులూ పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ళకు మాత్రమే వినిపించాను. ఉంచాలా, చెరిపేయాలా అని అడిగాను. చాలామంది చెరిపేయమన్నారు, చెరిపే బటన్ వాళ్ళతోనే నొక్కించాను. ఆ బటన్ నొక్కడం వాళ్ళకు ఎంత ఇష్టమో! అచ్చం పలక తుడిచినట్టే, ఒకమ్మాయి అరచెయ్యి స్క్రీన్ మీద రుద్దింది కూడా. నొక్కేసి వెంటనే "ఇంకోటి చదువుతా" అన్నవాళ్ళు ఆరుగురు. ఇప్పటి నుంచి మా పద్ధతి ఇంతే. చదవడం, ఒంటరిగా వినడం, తుడిచేయడం. స్టార్ల చార్టు మా హెచ్ఎం గారిని అడిగి గోడ నుంచి తీసేశాను. ఆ స్టార్ల పాప మొదటిరోజు అలిగింది. రెండోరోజు కూడా అలిగింది. మూడోరోజు సంగతి ఇంకా తెలియదు, రేపు సోమవారం.

ప్రాజెక్టు రికార్డుకు ఇప్పుడు నా దగ్గర ఆడియోలు లేవు. ఏ రోజు ఎవరు ఎన్నిసార్లు అడిగి చదివారో చేత్తో రాసిన పట్టిక ఒకటి ఉంది. అది చాలని గైడ్ సార్‌తో చెప్పి చూస్తాను.

ఒత్తుల అబ్బాయి మాత్రం ఒకటి ఉంచమన్నాడు, ఆఖరిది. ఎందుకురా అంటే, "మా అమ్మకు" అన్నాడు. వాళ్ళమ్మ నాట్లకు పోతుంది. ఆమెను అడిగి, సరేనన్నాక, సాయంత్రం బడి గేటు దగ్గరే వినిపించాను. కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు. ఫోన్ ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. విన్నాక వాడి వంక చూసి, "నీదేనా?" అంది. వాడు పుస్తకం తీసి అక్కడే నిలబడి మళ్ళీ చదివాడు, ఫోన్ లేకుండా.

చెరువుకట్ట అక్కా, మీరు అడగొచ్చో లేదో అన్నారు. తప్పకుండా అడగండి. మీ పాప టీచర్‌తో మాట్లాడి, పాప ఒప్పుకుంటే వారానికి ఒకటి పంపించమనండి. విన్నాక ఏం బాగుందో ఒక్క మాట పాపతో చెప్పండి, చాలు.

---

చెరువుకట్ట

సోమవారం నాకు నైట్ షిఫ్ట్. పొద్దున బడి తెరిచే టైముకు వెళ్ళి అడుగుతాను.